ఎడమ బెంచీలో చివరి కుర్చీ

ఆ సీజన్లో మా ఇంటి దండెం మీద రెండు రంగుల జెర్సీలు ఆరాయి. తెల్లది నాది, ఎర్రది మా వదినది. అంతకు ముందు ఆరేళ్ళూ రెండూ తెల్లవే. ఏది ఎవరిదో పొడవుని బట్టి మా అమ్మ పోల్చుకునేది. జట్టులో నన్ను గడకర్ర అని, వదినని చిటికె అని పిలిచేవాళ్ళు కాబట్టి అదేమంత కష్టమైన పని కాదు.

వదిన పొట్టిదే గానీ ఆ పేరు అందుకు రాలేదు. ఆటలో ఒక చేత్తో బంతి నేలకి కొడుతూ, రెండో చేత్తో చిటిక వేసేది. ఒక చిటికంటే ‘నిలబడకు, కదులు’ అని. రెండంటే ‘ఆగు, ఇప్పుడు కాదు’ అని. బాస్కెట్‌బాల్ జట్టులో పాయింట్ గార్డంటే బంతిని నడిపించే మనిషి. అందరికీ దారి చూపించి, చప్పట్లు వేరేవాళ్ళకి వదిలేసే ఉద్యోగం. మా ఇంట్లోకి కూడా ఆ దారినే వచ్చింది. ఒకసారి నా చీలమండ బెణికితే భుజం ఆసరా ఇచ్చి ఇంటిదాకా తీసుకొచ్చింది. తలుపు మా అన్నయ్య తీశాడు. బెణికింది నా కాలు, పడిపోయింది మాత్రం అన్నయ్య.

జట్లు ఆటగాళ్ళని మార్చుకోవడానికి సీజన్ మధ్యలో ఒక గడువు రోజుంటుంది. ఆ సాయంత్రం నాలుగు దాటితే ఇక ఎక్కడివాళ్ళు అక్కడే. ఆ రోజు ప్రాక్టీసులో అందరం గడియారం వైపు చూడనట్టు నటిస్తూ చూస్తుంటాం. మూడుంబావుకి మేనేజరు హాల్లోకి వచ్చి, వదినని గోడ దగ్గరికి పిలిచాడు. ఓ గ్లాసు మంచినీళ్ళు తాగేంతసేపు మాట్లాడి వెళ్ళిపోయాడు.

“ఏంటి వదినా?” అన్నాను.

“ఏం లేదు. నీ వంతొచ్చింది, పద” అని బంతి నా చేతికి విసిరింది.

ఇంకో ముప్పావు గంట ఆడాం. ఒక్క పాసు తప్పలేదు. అంతా అయ్యాక గచ్చు మీద కూర్చుని బూట్ల లేసులు విప్పుతూ, “నన్ను ఇచ్చేశారే” అంది. పక్కింటివాళ్ళకి నిచ్చెన ఇచ్చామన్నంత మామూలుగా.

“ఎవరికి?”

“ఎర్రవాళ్ళకి.”

ఎర్రవాళ్ళంటే రైల్లో గంట దూరంలో ఉన్న ఊరి జట్టు.

“బదులెవరొస్తున్నారు?”

“వాళ్ళ పొడుగు పిల్ల. ఇరవై రెండేళ్ళు.” రెండో బూటు విప్పుతూ, “దానికి కుడి మోకాలు బాగుండదు. ప్రాక్టీసులో మీద పడిపోకండి” అంది.

“మధ్యలోనే ఎందుకు చెప్పలేదు?”

“చెప్తే ఆడేవాళ్ళా మీరు? ఏడుపులు మొదలెట్టేవాళ్ళు.”

నిజమే. నేను అప్పటికే మొదలెట్టేశాను. నాకు ఏడుపొచ్చినా కోపమే వస్తుంది, కోపమొస్తే నోరాగదు. నేరుగా మా కోచ్ దగ్గరికి వెళ్ళాను. ఆయన ఒకప్పుడు బళ్ళో లెక్కలు చెప్పేవాడు. ఇప్పటికీ చిన్న నల్లబల్ల ఒళ్ళో పెట్టుకుని సుద్దముక్కతో గీసి చూపిస్తేనే ఆయనకి తృప్తి. వెనకాల అందరం ఆయన్ని సుద్దముక్క అనేవాళ్ళం.

“నా చేతుల్లో లేదు తల్లీ” అన్నాడు.

“మీ చేతుల్లో సుద్దముక్క తప్ప ఇంకేముంది?” అన్నాను.

ఆయన సుద్దముక్క జేబులో పెట్టుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇక్కడ మా బెంచీ సంగతి చెప్పాలి. మా హాల్లో ఎడమవైపు బెంచీ మాది, కుడివైపుది వచ్చిన జట్టుది. బెంచీ అంటాం గానీ వరసగా వేసిన కుర్చీలే. టైమవుట్ అడిగినప్పుడు ఒక్క నిమిషం ఆట ఆగుతుంది. ఆడుతున్న ఐదుగురం కుర్చీల్లో కూర్చుంటాం, సుద్దముక్క మా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, “తల్లుల్లారా, ఇటు చూడండి” అని మొదలెడతాడు. ఒకటే నీళ్ళ సీసా ఆ చివర్నుంచి ఈ చివరకి వస్తుంది. నాది నాలుగో కుర్చీ, వదినది ఐదోది. వదిన కూర్చోగానే పెద్ద తెల్ల తువ్వాలు నెత్తిమీంచి భుజాలదాకా కప్పేసుకుని తల దించేసేది. బల్ల వైపు చూసేది కాదు, వినేది. వింటే ఆట మొత్తం కళ్ళకి కడుతుందట. నేను రెండు గుక్కలు తాగి సీసా పక్కకి చాపేదాన్ని, తువ్వాలు కిందనుంచి ఒక చెయ్యొచ్చి అందుకునేది.

వదిన వెళ్ళాక ఆ కుర్చీ, వీపు మీద ఆవిడ తువ్వాలుతో సహా, ఖాళీగానే ఉండిపోయింది. కొత్త పిల్ల మోకాలు వంగితే లేవడం కష్టమని నిలబడే ఉండేది. నేను మాత్రం రెండు గుక్కలు తాగి సీసా ఆ ఖాళీ కుర్చీలో పెట్టేదాన్ని. పెట్టకూడదని ఎన్నిసార్లు అనుకున్నా చెయ్యి అటే పోయేది.

ఇంట్లో అమ్మ కొత్త చట్టం చేసింది. గుమ్మం లోపల బంతి మాట ఎత్తినవాళ్ళకి ఆ పూట భోజనం లేదు. రెండు జట్ల గుట్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటాయి కాబట్టి అది న్యాయమే. కానీ చట్టం చేసిన మనిషే మొదట తప్పింది.

“అది కాదమ్మాయ్, నిన్నటి ఆటలో నిన్ను అంతసేపు కూర్చోబెట్టాడేంటి ఆ ఎర్ర కోచ్? కళ్ళు కనపడవా?” అంది వదినతో.

“అత్తయ్యా, మీకు భోజనం లేదు” అంది వదిన.

అన్నయ్య కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తాడు. రోజంతా సన్నటి పని చేసి చేసి మాటలు కూడా అలాగే అరగదీసి వాడతాడు. ఆ రోజు పళ్ళెం నుంచి తల ఎత్తకుండా, “కళ్ళు కనపడకపోతే మా షాపుకి పంపించండి” అన్నాడు. దాంతో ఆ పూట ఆయనకీ భోజనం లేదని తీర్మానించాం.

ఓ ఆదివారం అమ్మ రెండు జెర్సీలూ ఒకే మిషన్లో వేసేసింది. ఎరుపు దిగి నాది లేత గులాబీ రంగుకి తిరిగింది. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. కొత్తది కుట్టి వచ్చేదాకా దాంతోనే ఆడాను. “ఏం గడకర్రా, సగం అమ్ముడుపోయావా?” అని మావాళ్ళు ఏడిపించారు. ఇంట్లో ఆ మాట చెప్తే వదిన కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. ఎర్రవాళ్ళ దగ్గరికి వెళ్ళాక అంతలా నవ్వడం అదే మొదలు.

ఎందుకంటే అక్కడ వదినకి ఊపిరాడటం లేదు. రోజూ పొద్దున్నే రైలు, సాయంత్రం రైలు. అక్కడి అమ్మాయిలు చెడ్డవాళ్ళేం కాదు, కానీ ఎవరి లోకం వాళ్ళది. చిటిక వేస్తే ఎవరూ కదిలేవారు కాదు. దానికి అర్థమేంటో వాళ్ళకి నేర్పేసరికి నెలపైన పట్టింది. ఆ తర్వాత మాత్రం గెలవడం మొదలెట్టారు. గెలుస్తూ గెలుస్తూ పాయింట్ల పట్టికలో మా పక్కకొచ్చి నిలబడ్డారు.

ఒక సాయంత్రం నేను గిన్నెలు కడుగుతుంటే, తుడుస్తూ చెప్పింది.

“మా కోచ్ ఇవాళ మాట్లాడాడే. చివరి నాలుగు జట్లలోకి వెళ్తే ఇంకో రెండేళ్ళు ఉంచుకుంటారట.”

“వెళ్ళకపోతే?”

“ముప్పై మూడేళ్ళ పాయింట్ గార్డుని ఎవరు తీసుకుంటారు? మీ అన్నయ్య షాపులో అయితే నేనింకా చిన్నపిల్లని. అక్కడ ముసలమ్మని.” గిన్నె వెలుతురుకి ఎత్తి చూసింది. “రెండేళ్ళు చాలు. అంతకన్నా ఎక్కువ కాళ్ళు కూడా ఒప్పుకోవు. కానీ ఆ రెండేళ్ళు కావాలే నాకు. ఇలా ఎవరో ఇచ్చేస్తే అయిపోవడం కాదు, నేనే ఒక రోజు చాలనుకుని ఆపెయ్యాలి.”

ఆవిడ ‘కావాలి’ అనడం ఆరేళ్ళలో నేను వినలేదు. గిన్నె కడుగుతూనే ఉన్నాను. మా లెక్క ఇద్దరికీ తెలుసు. నాలుగో స్థానం ఒక్కటే మిగిలింది, దానికోసం పోటీలో ఉన్నవి రెండే జట్లు. చివరి ఆట మా హాల్లో, మాకూ వాళ్ళకీ. నాకు ఒప్పందం ఇంకా రెండేళ్ళుంది. ఓడిపోతే నాకు పోయేది ఒక సీజన్. ఆవిడకి మొత్తం పోతుంది.

ఆట ముందురోజు అన్నయ్య నా గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“ఏమే, నిన్ను ఓడిపొమ్మని చెప్పడానికి రాలేదు.”

“మరెందుకొచ్చావు?”

“అదే, రాలేదు” అని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఇద్దరం ఇంట్లోంచి కలిసే బయల్దేరాం. హాలు మెట్లెక్కాక రెండు తలుపులుంటాయి, ఎడమది మా గదికి, కుడిది వచ్చినవాళ్ళ గదికి. వదిన నాతోపాటు ఎడమవైపుకి నాలుగడుగులు వేసేసింది. ఆగి, నవ్వింది.

“చూడవే, కాళ్ళకి ఇంకా కబురందలేదు” అని కుడివైపుకి వెళ్ళింది.

ఆ ఆట గురించి తర్వాత చాలామంది చాలా చెప్పారు. నాకు గుర్తున్నది ఒకటే. నాకంటే జానెడు పొట్టిదైనా నన్ను కాయడానికి వాళ్ళ కోచ్ వదిననే పెట్టాడు. తెలివైన పనే. నా ఆట మొత్తం ఆవిడ నేర్పిందే. నేను కుడికి వెళ్తున్నట్టు భ్రమ పెట్టి ఎడమకి తిరుగుతానని నా కాళ్ళకంటే ముందు ఆవిడకి తెలిసిపోతోంది. మూడుసార్లు నా చేతిలో బంతి కొట్టేసింది. మూడోసారి నాకు వళ్ళు మండి, “ఇంటికి రా, చెప్తాను” అన్నాను. “భోజనం లేదు నీకు” అంది పరిగెడుతూనే.

చివరికి తొమ్మిది సెకన్లు మిగిలాయి. వాళ్ళది ఒక పాయింటు ఎక్కువ. బంతి మాది. సుద్దముక్క టైమవుట్ అడిగాడు.

హాలంతా లేచి అరుస్తోంది. చెమట కళ్ళలోకి కారి ఏమీ కనిపించడం లేదు. నా కుర్చీలో కూలబడ్డాను. సీసా వచ్చింది. రెండు గుక్కలు తాగి పక్కకి చాపాను. తువ్వాలు కిందనుంచి ఒక చెయ్యొచ్చి అందుకుంది.

నాకేమీ తేడా అనిపించలేదు. తల వంచి ఉన్నాను కాబట్టి బూట్లు కూడా కనిపించాయి. లేసులు పక్కకి లాగి రెండు ముళ్ళు వేసి ఉన్నాయి. మళ్ళీ పక్కకే వేసుకుంది ముడి, అనుకున్నాను కూడా. వదిన అక్కడ ఉండటం నాకు మామూలు సంగతి. ఖాళీ కుర్చీకే నేను మూడు నెలలు అలవాటు పడలేకపోయాను.

“తల్లుల్లారా, ఇటు చూడండి” అన్నాడు సుద్దముక్క. ఆయన కళ్ళు బల్ల మీదే ఉన్నాయి, మిగతావాళ్ళవీ అంతే. అందరూ బంతి కొత్త పిల్లకే ఇస్తారనుకుంటారు, కాబట్టి ఆ పిల్లకి ఇస్తున్నట్టు కనిపించాలి. ఆ పిల్ల నా దారికి అడ్డంగా నిలబడి నన్ను కాసేవాళ్ళని ఆపాలి. నేను ఎడమ మూల నుంచి చుట్టి వచ్చి, బంతి అందుకుని వెయ్యాలి. అంతే. మూడు గీతలు, ఒక సున్నా.

విజిల్ వినిపించింది. మావాళ్ళు ముగ్గురు లేచి అప్పుడే నడుస్తున్నారు. సుద్దముక్క బల్ల చేత్తో తుడిచేస్తున్నాడు. పక్క కుర్చీలో తువ్వాలు పక్కకి జారింది. కింద ఎరుపు.

వదిన నా వైపు చూసింది. నేను వదిన వైపు చూశాను. ఎంతసేపో కాదు. సీసా కుర్చీలో పెట్టి, తువ్వాలు మడతపెట్టి దాని పక్కన పెట్టి, కుడివైపుకి నడిచి వెళ్ళిపోయింది. ఎర్రవాళ్ళు టైమవుట్లో గుండ్రంగా నిలబడి మాట్లాడుకుంటారు. ఆ గుంపులో ఒక పొట్టి మనిషి ఉందో లేదో పట్టించుకునే తీరిక ఎవరికీ లేకపోయింది.

అటు చివర ఆవిడ తన కోచ్‌తో ఏదో చెప్పింది. అతను గడియారం చూపించి అరిచాడు. వదిన తల అడ్డంగా ఊపింది. అతను చెయ్యి విదిలించి, ఇంకో అమ్మాయిని లోపలికి తోశాడు. వదిన వెళ్ళి వాళ్ళ బెంచీలో కూర్చుంది.

కొత్తగా వచ్చిన అమ్మాయి నాకంత ఎత్తుంది, నాకంటే వేగంగా ఉంది. కానీ నేను కుడికి వెళ్తున్నట్టు భుజం వంచితే నమ్మింది. అంతా బల్ల మీద గీసినట్టే జరిగింది. బంతి వేశాను. పడింది.

నా మీద ఎంతమంది పడ్డారో తెలీదు. ఊపిరాడక తల తిప్పితే, కాళ్ళ సందుల్లోంచి కుడి బెంచీ కనిపించింది. వదిన వంగి లేసులు విప్పుకుంటోంది.

అడిగినవాళ్ళందరికీ పిక్క పట్టేసిందని చెప్పింది. ఎర్ర కోచ్ నమ్మలేదు. ఇంటివాళ్ళ కోసం ఆట అమ్మేసిందని నలుగురిలో అన్నాడు. ఆ మాట షాపులో ఎవరో అన్నయ్యని మొహం మీదే అడిగారట. ఆయన అద్దం తుడిచి, వాళ్ళ కళ్ళకి పెట్టి, “ఇప్పుడు బాగా కనిపిస్తోందా?” అన్నాడట. ఇంటికొచ్చి మాత్రం వదినని ఒక్క ముక్క అడగలేదు.

అమ్మ రోజూ వేడినూనెతో వదిన పిక్క రుద్దేది.

“ఏ కాలమ్మాయ్?”

“ఎడమది అత్తయ్యా.”

రెండో రోజు కుడికాలు చాపింది. అమ్మ ఆ కాలు వైపు చూసింది, వదిన మొహంలోకి చూసింది. నూనె తీసుకుని కుడికాలే రుద్దింది. తర్వాత ఎడమది కూడా.

మేము తర్వాతి రౌండులో మొదటి ఆటలోనే చిత్తుగా ఓడిపోయాం. రెండు వారాలకి ఎర్రవాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఇన్నాళ్ళూ ఆడినందుకు కృతజ్ఞతలు, భవిష్యత్తుకి శుభాకాంక్షలు. వదిన చదివి, మడిచి, పప్పుల డబ్బా కింద పెట్టింది. వేరే ఏ జట్టూ పిలవలేదు.

నాకు తిండి సయించడం మానేసింది. వదిన ఆట మానుకోవడానికి ఆ తొమ్మిది సెకన్లు కారణమని ఇంట్లో అందరికీ తెలుసు. వాటి వెనక నేను ఉన్నానని నాకొక్కదానికే తెలుసు. దుప్పట్లు ఆరెయ్యడానికి ఇద్దరం డాబా ఎక్కిన ఒక మధ్యాహ్నం ఇక ఉండబట్టలేకపోయాను.

“వదినా, ఒకటి చెప్పాలి.”

“చెప్పు. ముందు ఆ క్లిప్పులిలా ఇవ్వు.”

“ఆ రోజు నువ్వొచ్చి కూర్చున్నప్పుడే నీ లేసులు చూశాను. సీసా కూడా నేనే ఇచ్చాను. ఒక్కసారి భుజం తట్టి ఉంటే లేచి వెళ్ళిపోయేదానివి. ఏమీ వినేదానివి కాదు, చివరిదాకా నువ్వే నన్ను కాసేదానివి. ఆ బంతి పడనిచ్చేదానివా? నీ రెండేళ్ళు నేను మింగేశాను వదినా.”

వదిన దుప్పటి అంచు సరిచేసి రెండు క్లిప్పులు పెట్టింది.

“విన్నాక ఎలా ఆడమంటావే? నీ దారి తెలిసిపోయింది. అడ్డం వస్తే మీకు ద్రోహం, రాకపోతే వాళ్ళకి ద్రోహం. ఆ కోచ్‌కి నిజం చెప్తే ఏం విన్నావో చెప్పమంటాడు. అందుకే పిక్క పట్టేసిందన్నాను.”

“అదే కదా నేననేది. నేను తట్టి ఉంటే...”

“నువ్వు తట్టక్కర్లేదు” అంది. “సీసా చేతికి రాగానే తెలిసిపోయింది నాకు. ఎర్రవాళ్ళ దగ్గర ఎవరి సీసా వాళ్ళదే, మీద నంబర్లుంటాయి. పక్కనుంచి ఎవరూ ఇవ్వరు.”

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

“అప్పటికి సుద్దముక్క ఇంకా మొదలెట్టనే లేదుగా?”

“లేదు.”

“మరెందుకు లేవలేదు?”

వదిన మొహం నా వైపు తిప్పలేదు. తడి దుప్పటిని అరచేత్తో సాపు చేస్తూ ఉండిపోయింది.

“లేద్దామనే అనుకున్నానే. ఇంతలో ఆయన ‘తల్లుల్లారా’ అన్నాడు. ఆ మాట విని మూడు నెలలైంది. వింటూ కూర్చుంటే ఇక ఆడకూడదని తెలుసు, అయినా లేవబుద్ధి కాలేదు. ఒక్క నిమిషం ఉందామనుకున్నాను. అంతే.” దుప్పటి మీది ముడత ఒకటి లాగింది. “చాలనుకుని నేనే ఆపాలన్నానుగా. ఆపాను.”

నేను అక్కడే నిలబడి, ముక్కు ఎగబీలుస్తూ, చేతిలో క్లిప్పుల డబ్బాతో ఏడ్చాను. కోపం మాత్రం రాలేదు, అదే నాకు కొత్త.

బకెట్లో ఇంకో దుప్పటి మిగిలింది. వదిన వంగి ఒక కొస పట్టుకుని పైకి తీసింది. నా వైపు చూసి, తడిచేత్తోనే ఒక చిటిక వేసింది. నేను డబ్బా కిందపెట్టి, వెళ్ళి రెండో కొస పట్టుకున్నాను.